ఓడ బండి యెక్కిన వేళ

"ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును" అని మన పెద్దలనిరి. కలిమిలేములు శాశ్వతములు కావని చెప్పుటకు వారు వాడిన మాట అది. కాని ఓడను నిజముగనే బండి యెక్కించి ఇంటి ముంగిట నిలుపుకొనువారు లోకమున పెక్కుమంది కలరు. సెలవులు రాగానే వారా బండిని కారు వెనుక తగిలించి, ఏ సరస్సు ఒడ్డుకో, ఏ సముద్రపు పాయకో లాగుకొనిపోయి, పడవను నీట దింపుదురు. రెండు మూడు దినములు అందులోనే వండుకొని, తిని, నిద్రించి, మరల పడవను బండి కెక్కించుకొని ఇల్లు చేరుదురు. అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశములలో ఇది కోటీశ్వరుల వినోదము కాదు; జీతగాండ్ర వినోదము. ఏలననగా అచ్చట పలువురు కొనునది కొత్త పడవ కాదు, ఒకరు వాడి అమ్మిన పాత పడవ.

కాటేదానులో నిలుచుండి పడవలను గూర్చి మాటలాడుట కొంత వింతగా తోచవచ్చును. ఇది కర్మాగారముల వాడ. ఆరాంఘర్ దాటి శంషాబాదు వైపు సాగు బెంగుళూరు రహదారిపై ఇనుప కడ్డీలు, ప్లాస్టిక్కు సామగ్రి, తినుబండారముల పెట్టెలు లారీలపై రేయింబవళ్లు కదలిపోవుచుండును. తలయెత్తి చూచినచో శంషాబాదున దిగు విమానములు కానవచ్చును. సముద్రమును చూడవలెనన్నచో ఇచ్చటినుండి రోడ్డుమార్గమున మూడువందల కిలోమీటర్లైనను పోవలెను. అయినను బండి యెక్కిన పడవకు ఈ దూరము అడ్డు కాదు. సముద్రము లేని ఊరివారికొరకే అట్టి పడవ పుట్టినది.

హైదరాబాదునకు పడవల వాసన బొత్తిగా లేదనుటయు సరికాదు. ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున, 16వ శతాబ్దిలో త్రవ్వించిన హుస్సేన్‌సాగర్‌లో నేడు తెరచాప పడవల పందెములు జరుగుచున్నవి. సికిందరాబాదు సైనికుల సెయిలింగ్ సంఘమును, హైదరాబాదు యాట్ క్లబ్బును ఎందరో బాలబాలికలకు గాలిని పట్టుట నేర్పినవి. ఆ పిల్లల చిన్న పడవలును ఇతర రాష్ట్రముల పోటీలకు బండ్లపైననే ప్రయాణము చేయును.

కాటేదానులో కాపురముండు ఉపాధ్యాయ దంపతుల నొకరిని ఊహింతము. ఇద్దరును ఉద్యోగస్థులు. పిల్లలు చదువులు ముగించి దూరదేశములకు పోయిరి. కొంత సొమ్ము మిగిలినది. ఇరువదినాలుగడుగుల పాత పడవ యొకటి, బండితో సహా, అమ్మకమునకున్నదని వినిరి. దానిలో ఇద్దరు పండుకొనుటకు చోటున్నది. చిన్న పొయ్యి యున్నది. తెరచాపయు, వెనుక చిన్న యంత్రమును ఉన్నవి. భర్త ఉత్సాహము అంతింత కాదు. భార్య మాత్రము ఒక ప్రశ్న వేసినది:

"ఏమండీ, దాని కింది భాగం ఎవరైనా చూశారా?"

దంపతులు ఊహాకల్పితులే కాని ఆ ప్రశ్న కాదు. పాత పడవను కొనువారి కథలన్నియు దానిపైననే ఆధారపడియుండును. ఇల్లు కొనువాడు గోడలను చూడగలడు. ఎద్దును కొనువాడు పళ్లు చూడగలడు. పడవలో మనలను మోయు భాగము నీటి అడుగున మరుగుపడి యుండును. బండి మీద నిలిచియున్న వేళ మాత్రమే అది కంటికి దొరకును. బండి పడవను కొనువారికి ఇదియొక గొప్ప సౌకర్యము. దానిని వినియోగించుకొనక, పైనున్న పరుపులను, కిటికీ తెరలను చూచి మురిసి బయానా ఇచ్చువారే పిదప చింతింతురు.

మొదట ఇట్టి పడవ యెట్లు నిలుచునో విద్యార్థులు తెలిసికొనవలెను. తెరచాపపై పడిన గాలి పడవను ముందుకే కాక ప్రక్కకును త్రోయును, ఒరగజేయును. ఈ రెండింటిని ఎదిరించుటకు పడవ అడుగున వెన్నెముకవంటి పలక యుండును. దానినే నావికులు కీల్ అందురు. అది నీటిలో లోతుగ దిగి పడవ ప్రక్కకు జరుగకుండ పట్టును. దాని బరువు పడవను మరల నిలువబెట్టును. తంజావూరు బొమ్మను ఎటు త్రోసినను తిరిగి లేచి నిలుచుట మీరు చూచియుందురు. అడుగున బరువుండుటయే దాని రహస్యము. సముద్రపు పెద్ద పడవలలో ఈ బరువు సీసముతోనో, పోత ఇనుముతోనో చేసినదై, కదలక యుండును.

బండి పడవకు ఇచ్చట ధర్మసంకటము ఏర్పడుచున్నది. రోడ్డుపై అది తేలికగా నుండవలెను. నీటిలో బరువుగా నుండవలెను. ఒడ్డున దింపునపుడు అడుగు లోతు లేకుండవలెను. గాలిలో పోవునపుడు లోతుండవలెను. వెడల్పున్నచో నీటిలో నిలకడ హెచ్చును. కాని అమెరికా రహదారులపై ఎనిమిదిన్నర అడుగులు మించిన పడవను లాగుటకు ప్రత్యేకానుమతి కావలెను. ఈ విరుద్ధ ధర్మములను రాజీపరచుటకు శిల్పులు రెండుపాయములు కనిపెట్టిరి. మొదటిది, కీల్‌ను ఒక ఇరుసుపై తిరుగునట్లు అమర్చి, తీగతో పైకి లాగుట. రెండవది, పడవ అడుగు తొట్టిలో నీటిని నింపుట. ఒడ్డు దిగిన పిమ్మట తొట్టి నిండును. బండి యెక్కునప్పుడు నీరు కారిపోవును. లాగునది తేలిక పడవ, నడుపునది బరువు పడవ.

"నీటిలో నీటికి బరువేమి?" అని ఆర్కిమెడీస్ సూత్రము చదివిన విద్యార్థి అడుగవచ్చును. మంచి ప్రశ్న. పడవ నిటారుగ నున్నంతకాలము ఆ నీరు దానిని నిలువబెట్టుటకు చేయు సాయము స్వల్పమే. పడవ మిక్కిలి ఒరగిన వేళ, ఒకవైపునున్న నీరు బయటి నీటిమట్టమును దాటి పైకి లేచును. అపుడు దానికి బరువు వచ్చి, పడవను వెనుకకు లాగును. కావున తొట్టిలో నీరు నిండనిదే తెరచాప ఎత్తరాదు. పాత పడవను కొనువారు ఆ తొట్టి మూత బిగువుగ నున్నదో లేదో చూడవలెను. సగము నిండిన తొట్టిలో నీరు ఒరిగిన వైపునకే పరుగెత్తి, నిలువబెట్టుటకు మారుగ పడద్రోయును.

ఇక పరీక్ష. నేటి పడవలు హెచ్చుగా ఫైబరువి. గాజునూలును బంకతో పొరలు పొరలుగ అతికి చేసిన కాయము అది. చిన్న సుత్తి పిడితోనో, నాణెముతోనో అంగుళమంగుళము తట్టుచు పోవలెను. పొరలు గట్టిగ నున్నచోట "ఠంగు" మని మ్రోగును. విడిపోయినచోట, లోపలి కొయ్య తడిసి చివికినచోట "దబ్బు" మని మూగవోవును. అంగడిలో కుండను కొను గృహిణికి ఈ విద్య కొత్తది కాదు. నీటిలో చాలకాలమున్న అడుగున చిన్న చిన్న బొబ్బలుండవచ్చును. నీరు పైపొరలోనికి చొరబడినదనుటకు అవి గుర్తులు. కొద్దిపాటి బొబ్బలు మరమ్మతునకు లొంగును. కాని పైతలమున నడచునపుడు కాలిక్రింద మెత్తగా కదలినచో ఎక్కువ భయపడవలెను. మేకులు, బోల్టులు దిగినచోట్ల వాననీరు లోనికి దిగి, రెండు పొరల నడుమనున్న కొయ్యను కుళ్లబెట్టినదని అర్థము.

కొయ్య పడవకు ఇంకొక న్యాయము. కోరంగి, తాళ్లరేవు ప్రాంతముల వడ్రంగులు తరతరములుగ కొయ్య ఓడలను కట్టిన ప్రసిద్ధులు. కొయ్యను కుళ్లబెట్టునది ఉప్పునీటికంటె నిలువయున్న వాననీరు. ఉప్పునీటిలోని శత్రువు వేరొకటి: కొయ్యను తొలిచి లోపల సొరంగములు చేయు నత్తజాతి పురుగు. పైకి పలక చెక్కుచెదరనట్లే కనుపించును. మొలమొనతో గుచ్చి చూచినచో తెలియును.

కీల్‌ను పట్టియుంచు బోల్టులు, తిరుగుడు కీల్ అయినచో దాని ఇరుసు, లాగు తీగ, తెరచాప కొయ్యను నిలువబెట్టిన ఉక్కుతీగలు, చుక్కాని కీళ్లు, వీనిని తరువాత చూడవలెను. ఉక్కుతీగపై గుడ్డను చుట్టి మెల్లగా జరిపినచో తెగిన పోగు గుడ్డను పట్టుకొనును. ఒక్క పోగు తెగినను ఆ తీగను మార్చవలసినదే. ఎండకు తెరచాప బట్టకంటె దాని కుట్టు ముందు చివుకును. కొయ్యను ఎత్తునపుడు తలపై విద్యుత్తు తీగలున్నవేమో చూచుట మరువరాదు. అల్యూమినియపు కొయ్య తీగకు తగిలి ప్రాణములు పోయిన దుర్ఘటనలు పలు దేశములలో జరిగినవి.

పడవను చూచినవారు బండిని చూడరు. ఇది అందరును చేయు పొరపాటు. దూరము పోయి చూచి వచ్చిన పడవ నీటిలో మునుగుటకంటె నడిరోడ్డున బండి చక్రమూడుటయే తరచు జరుగు అనర్థము. పడవను దింపుటకు బండిని నీటిలోనికి త్రోయుదురు. ప్రయాణముచే వేడెక్కిన చక్రపు బుర్ర చల్లని నీట మునుగగానే లోపలి గాలి కుంచించుకొని నీటిని లోనికి పీల్చును. అచ్చట బేరింగులు త్రుప్పుపట్టి, ఒకనాడు రహదారి నడుమ బిగుసుకొనిపోవును. టైర్ల సంగతియు అంతే. ఏండ్ల తరబడి ఒకేచోట ఎండలో నిలిచిన టైరుపై గాట్లు చెరగకున్నను రబ్బరు పగిలియుండును. కాటేదాను కార్మికునకు ఇవన్నియు అరచేతిలోని ఉసిరికలే. పడవల సంగతి తెలియకున్నను, ఇచ్చటి మెకానిక్కు చక్రమును ఎత్తి త్రిప్పి, శబ్దము విని, "ఇది నూరు కిలోమీటర్లు పోదు" అని చెప్పగలడు.

బరువును గూర్చి అమ్మకందారు మాటను నమ్మరాదు. కంపెనీ పుస్తకములో వ్రాసిన బరువు ఖాళీ పడవది. లంగరు, గొలుసు, యంత్రము, ఇంధనము, త్రాగునీరు, గిన్నెలు, పరుపులు చేరగానే అది చాల పెరుగును. దారిలోని ధర్మకాంటాపై బండిని ఎక్కించి తూచుటయే మార్గము. మొత్తము బరువులో ఇంచుమించు పదవవంతు ముందు కొక్కెముపై పడునట్లు పడవ కూర్చుండవలెను. వెనుకకు భారము హెచ్చినచో బండి పాము తోకవలె ఊగి, లాగు కారునే రోడ్డునుండి త్రోయును.

ఇంత భయపెట్టిన పిమ్మట "పాతదానిని కొననేల?" అని పాఠకులు అడుగుదురు. దీనికి సమాధానము కాటేదానునకు సమీపముననే కలదు. మీరాలం చెరువు కట్టను చూడుడు. 19వ శతాబ్ది తొలి దశాబ్దిలో, నిజాము దివాను మీర్ ఆలం పేర, ఇరువదియొక్క అర్ధచంద్రాకారపు రాతి కమానులను ప్రక్కప్రక్కన పేర్చి కట్టినది. ప్రతి కమాను తన వీపును నీటివైపునకు పెట్టి, నీటి త్రోపును తన కాళ్లకు పంచి, నేటికిని నిలిచియున్నది. రెండువందల ఏండ్ల ప్రాయము దానికి దోషము కాలేదు. పాతదగుటయు, పాడగుటయు ఒకటి కాదు. పునాది చెడినదా, పైపూత చెడినదా అని తేల్చుకొనుటయే వివేకము.

పడవల చరిత్రలోను ఇట్టి నిదర్శనములున్నవి. 1892లో పనిలేక తిరుగుచున్న జాషువా స్లోకం అను నావికునకు, అమెరికాలోని ఫెయిర్‌హేవెన్ ఊరిలో మిత్రుడొకడు ఒక ఓడ నిచ్చెదనన్నాడు. పోయి చూడగా అది పొలములో నేలపై నిలిపి గుడ్డ కప్పిన శిథిల నౌక. ఊరివారు పరిహసించిరి. స్లోకం పదమూడు నెలలు శ్రమించి, 553 డాలర్ల 62 సెంట్లు వెచ్చించి, పలకపలకను మార్చి దానిని మరల కట్టినాడు. పేరు మాత్రము పాతదే: స్ప్రే. 1895 ఏప్రిల్ 24న బోస్టన్ విడిచి, ఒంటరిగా భూగోళమును చుట్టి, 1898 జూన్ 27న న్యూపోర్టు చేరినాడు. ఒంటరిగా ప్రపంచమును చుట్టిన మొదటి నావికుడాతడే. 1909లో అదే స్ప్రేపై బయలుదేరి మరల రాలేదు. చివరి ఏండ్లలో ఆ పడవ ఆలనాపాలన తగ్గినదని చూచినవారు వ్రాసిరి. అదియే కారణమో కాదో సముద్రమునకే యెరుక. కాని తొలి మరమ్మతు ఎంత ముఖ్యమో, తుది వరకు సాగవలసిన మరమ్మతు అంతకంటె ముఖ్యమని ఆ కథ చెప్పక చెప్పుచున్నది.

దంపతుల కథ యొకటి చెప్పవలెను. భారతసైన్యమున పనిచేసి విరమించిన మైల్స్ స్మీటన్, ఆతని భార్య బెరిల్ కెనడాలో వ్యవసాయము చేయుచుండిరి. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఇంగ్లండునుండి సొమ్ము బయటికి కొనిపోవుటకు ఆంక్షలుండెను. అచ్చటి సొమ్ముతో ఒక పడవను కొని, కెనడాకు నడుపుకొనిపోయి అమ్ముకొందమని వారు తలచిరి. 1938లో హాంకాంగులో టేకుతో కట్టిన త్సూ హాంగ్ అను నలుబదియారడుగుల పాత పడవ దొరికినది. పడవ నడుపు విద్య వారికి దాదాపు తెలియదు. అయినను నేర్చి కెనడా చేరిరి. చేరిన పిమ్మట అమ్ముటకు మనసొప్పలేదు!

1957 ఫిబ్రవరి 14న, ఆస్ట్రేలియానుండి కేప్‌హార్న్ వైపు పోవుచుండగా, పర్వతమువంటి కెరటము త్సూ హాంగ్‌ను వెనుకనుండి యెత్తి తలక్రిందులు చేసినది. చుక్కాని పట్టియున్న బెరిల్ సముద్రములో విసరివేయబడినది. తెరచాప కొయ్యలు విరిగినవి. పైగది కొట్టుకొనిపోయి పైతలమున పెద్ద రంధ్ర మేర్పడినది. బెరిల్ ఈదుకొని వచ్చినది. వెంటనున్న జాన్ గుజ్వెల్ వడ్రంగము తెలిసినవాడు. ముగ్గురును బకెట్లతో నీరు తోడిపోసి, గుడ్డలతో, పలకలతో రంధ్రమును కప్పి, విరిగిన కొయ్యలతో క్రొత్త కొయ్యను నిలిపి చిలీ తీరము చేరిరి. పడవను బాగుచేయించి, ఆ యేడు డిసెంబరులో దంపతులిద్దరే మరల బయలుదేరగా మరల కెరటము బోర్లించినది. మరల చిలీకే వచ్చిరి. పైనున్నదంతయు రెండు పర్యాయములు పోయినను వారిద్దరు బ్రతికిరన్నచో, నీటి అడుగుననున్న టేకు కాయము చెడకుండుటయే కారణము.

ఈ కథలో మనము గమనింపవలసిన దింకొకటి కలదు. మైల్స్‌కు తెలిసినదంతయు బెరిల్‌కును తెలియును. పడవలో ఒకరు యజమాని, ఒకరు అతిథి అన్నచో, యజమాని నీటిలో పడిన క్షణమున అతిథికి గతి లేదు. కావున కొనునపుడే ఇద్దరును చూడవలెను, ఇద్దరును తట్టవలెను, చుక్కాని ఇద్దరును పట్టవలెను. స్త్రీలకు ఇది సాధ్యమా అను సందేహము నేడు మన దేశమున నిలువదు. 2017 సెప్టెంబరు 10న గోవానుండి బయలుదేరిన భారత నౌకాదళపు తారిణిలో ఆరుగురును స్త్రీలే. వర్తికా జోషి నాయకత్వమున సాగిన ఆ బృందములో విశాఖపట్టణపు స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య మన తెలుగు ఆడపడుచులు. 254 దినములకు, 2018 మే 21న వారు తిరిగి గోవా చేరిరి. తుది మజిలీకి ముందు చుక్కాని యంత్రము చెడగా మారిషస్‌లో ఆగి బాగుచేయించుకొనిరి. అదే తారిణి, ఏడేండ్ల పాత పడవయై, 2024 అక్టోబరు 2న రూప, దిల్న అను ఇద్దరే అధికారిణులతో మరల భూప్రదక్షిణమునకు బయలుదేరి, 2025 మే నెలలో క్షేమముగ వచ్చినది.

చట్టమును గూర్చి ఒక మాట. 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరు వద్ద విహార పడవ మునిగి పదులకొలది యాత్రికులు మరణించిన దుఃఖము మన కింకను మాసిపోలేదు. 1917నాటి పాత చట్టమునకు మారుగ 2021లో దేశీయ జలనౌకల చట్టము వచ్చినది. నమోదు, తనిఖీ, ప్రాణరక్షణ సాధనములు దాని ముఖ్యాంశములు. పడవ చిన్నదైనను, మనదైనను, చొక్కావలె తొడుగుకొను రక్షణకవచము లేనిదే ఎక్కరాదు. పెట్టెలో దాచిన కవచము మునుగువానికి అందదు.

మన ఉపాధ్యాయ దంపతులకడకు మరలి పోదము. అమ్మువాడు పడవను కడిగి, మెరుగుపెట్టి, బండిపై నిలిపియున్నాడు. భర్త లోపలి పొయ్యిని వెలిగించి సంతోషించుచున్నాడు. భార్య కొంగు నడుమునకు చెక్కి, బండి క్రింద దూరి, నాణెముతో తట్టుచు పోవుచున్నది. అడుగంతయు పాతరంగే, కీల్ ఇరుసు దగ్గర మాత్రము జానెడుమేర కొత్తరంగు. అచ్చట నాణెము శబ్దము మారినది. ఆమె భర్తను పిలిచి అతనిచేతను తట్టించినది. అతడును విన్నాడు.

అమ్మువాడు గడియారము చూచి, "ఇంకో ఇద్దరు వస్తామన్నారు. ఇవ్వాళ బయానా ఇస్తే ధర తగ్గిస్తాను" అన్నాడు.

భర్త చేయి సంచివైపు పోయి ఆగినది. ఇద్దరి ఇరువదియేండ్ల జీతములో మిగిలిన సొమ్ము ఆ సంచిలో నున్నది.

"ధర సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అన్నది ఆమె, చీర దులుపుకొనుచు. "ముందు ఆ కొత్తరంగు గీకి చూపించండి. ఆ తర్వాత నీళ్లలో దింపుదాం. మేమిద్దరమూ ఎక్కుతాం, మీరూ ఎక్కండి."